కదలని స్తంభములు, కదలు గోడలు

హైదరాబాదు నుండి విజయవాడ వైపు పోవు రహదారిపై మలక్‌పేట దాటి తూర్పునకు సాగినచో మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, ఎల్.బి.నగర్ వరుసగా వచ్చును. రహదారిపై మెట్రో రైలు వంతెన, దాని క్రింద బస్సులు, ఇరుప్రక్కల దుకాణములు. ఆ సందడిని విడిచి ఏ వీధిలోనికి తిరిగినను తరచుగా కనబడునది ఒకే జాతి భవనము. క్రింద స్తంభములు మాత్రమే గల ఒక అంతస్తు. దానిపై నాలుగైదు అంతస్తుల ఇండ్లు. అన్నిటిపైన నీటి తొట్లు, బట్టలారవేయు తీగలు గల డాబా. ఆ క్రింది అంతస్తును కాగితములపై స్టిల్టు అందురు. వాడుకలో అది పార్కింగు; కొందరి నోట సెల్లారు.

ఉదయము ఎనిమిది గంటలకు ఆ స్తంభముల నడుమ స్కూటర్లు, కార్లు క్రిక్కిరిసి యుండును. పది గంటలకు అవి వెడలిపోవును. అప్పుడు కూరగాయల బండి గేటు వద్ద ఆగును; నలుగురు గృహిణులు ఆ నీడలోనే నిలిచి బేరమాడుదురు. సాయంకాలము పిల్లలు అచటనే బంతి ఆడుదురు. వినాయక చవితికి మండపము అచటనే. ఒక ఇంట పెండ్లి కుదిరినచో వంట, భోజనముల బంతి అచటనే. ఒక ఇంట మరణము సంభవించినచో చుట్టములు వచ్చి కూర్చుండునదియు అచటనే. ఒక్క అంతస్తు ఇన్ని పనులు చేయుచుండగా, భవనపు ప్లానులో దానికి గల పేరు ఒక్కటి మాత్రమే: వాహనములు నిలుపు స్థలము.

విమర్శింపవలసినది ఈ వైరుధ్యమునే. ఈ భవనముల నిర్మాణ విధానమే వాటికి మారగల గుణమును ఇచ్చినది. ఇంటికిని వీధికిని నడుమ ఒక ఉమ్మడి చోటును గూడ ఇచ్చినది. కాని ఈ రెండు వరములను ప్లాను గీసినవారు లెక్కలోనికి తీసికొనలేదు. నివాసులు మాత్రము వాటిని వాడుకొనక తప్పలేదు. అందుచేత జరుగవలసిన మార్పులు లెక్క లేకుండ, చాటుగా, కొన్ని యెడల ప్రమాదకరముగా జరుగుచున్నవి.

మారుచుండు పేట

ఏ భవనమునైనను దాని ఊరితో కలిపి చూడవలెను. ఎల్.బి.నగర్ 2007 ఏప్రిల్ వరకు ప్రత్యేక పురపాలక సంఘము. ఆ నెలలో అది మహా హైదరాబాదు నగర పాలక సంస్థలో కలిసినది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు నడక ప్రారంభమైనది. నల్లగొండ, ఖమ్మము, కృష్ణా, గుంటూరు వైపుల నుండి వచ్చువారికి ఈ రహదారియే నగర ద్వారము. కావున చదువుకు, కొలువుకు, వ్యాపారమునకు వచ్చిన కుటుంబములు ఇచట స్థిరపడినవి. పోటీ పరీక్షలకు శిక్షణనిచ్చు సంస్థలు దిల్‌సుఖ్‌నగర్‌లో గుంపుగా వెలసినవి. వాటి వెంట విద్యార్థుల వసతి గృహములును వెలసినవి.

ఇట్టి పేటలో ఒక ఫ్లాటు జీవితము ఒకే తీరున సాగదు. క్రొత్తగా పెండ్లియైన దంపతులు కొన్న ఇంటిలో పదేండ్లకు ఇద్దరు పిల్లలు, ఊరి నుండి వచ్చిన ముసలి తల్లిదండ్రులు ఉందురు. ఇరువదియేండ్లకు పిల్లలు విదేశములకు పోగా రెండు గదులు ఖాళీపడును. అదే ఇల్లు తరువాత వసతి గృహము కావచ్చును. ట్యూషను గది కావచ్చును. దంత వైద్యుని చికిత్సాలయము కావచ్చును. కాంక్రీటు అస్థిపంజరము ఏబదియేండ్లు నిలుచుటకు కట్టబడుచున్నది. దానిలో గడుచు బ్రతుకు పదేండ్లకొకసారి మారుచున్నది. ఈ రెండు కాలములకు పొత్తు కుదుర్చుటయే మారగల భవన రచన యొక్క సారాంశము.

అస్థిపంజరము ఇచ్చిన స్వేచ్ఛ

పూర్వపు మట్టిగోడ ఇంటిలోను, రాతిగోడ ఇంటిలోను కప్పు బరువును గోడలే మోసెడివి. గోడ తీసినచో కప్పు కూలును. ఇప్పటి అపార్టుమెంటులో కప్పు బరువు శ్లాబు నుండి దూలములకు, దూలముల నుండి స్తంభములకు, స్తంభముల నుండి పునాదికి దిగును. నడుమ గల ఇటుక గోడలు గదులను వేరుచేయు తెరలు మాత్రమే. బయటి గోడ సాధారణముగా 23 సెంటీమీటర్ల మందము, లోపలి అడ్డుగోడ దాదాపు 11 సెంటీమీటర్ల మందము ఉండును.

లె కార్బూజియే అను వాస్తుశిల్పి 1914లో ఈ సూత్రమును ఒక చిన్న బొమ్మలో చూపెను: ఆరు స్తంభములు, మూడు పలకలు, ఒక మెట్ల వరుస. గోడలు లేవు, వాటిని ఎచట నిలుపవలెనో నివాసి నిర్ణయించుకొనవచ్చును. దిల్‌సుఖ్‌నగర్ వీధిలో సగము కట్టిన భవనమును చూచిన విద్యార్థి ఆ బొమ్మనే చూచినట్లు. ఇటుకలు ఎక్కకముందు అచట ప్రతి అంతస్తును ఒక విశాలమైన చావడియే.

ఇటుకలు ఎక్కిన తరువాత ఆ స్వేచ్ఛ ఏమగుచున్నది? మొదటి తప్పు స్తంభములలోనే ఉన్నది. గదిలో స్తంభపు అంచు పొడుచుకొని వచ్చినచో కొనువాడు ముఖము చిట్లించును. అందుచేత స్తంభమును గోడ మందమునకు సరిపోవునట్లు సన్నగా, పలకవలె చేసి, పడకగది మూలలలో దాచుచున్నారు. దీనివలన రెండు నష్టములు. అడ్డుగోడ తీసినచో గది నడుమ స్తంభము ఒంటరిగా నిలుచును. ఇక ఆ గోడను తీయబుద్ధి పుట్టదు. రెండవది, పై పడకగది మూలలే క్రింద కార్ల దారిని నిర్ణయించును. ఒక కారు నిలుచుటకు సుమారు 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు కావలెను. పడకగది కొలతను బట్టి నాటిన స్తంభములు ఆ కొలతను ఎరుగవు. కావుననే ఈ స్టిల్టులలో ఒక కారు వెడలుటకు రెండు కార్లు తొలగవలసివచ్చుచున్నది.

రెండవ తప్పు గొట్టములది. మరుగుదొడ్డి గొట్టమునకు వాలు అవసరము. 40 సెంటీమీటర్ల దూరమునకు 1 సెంటీమీటరు చొప్పున వాలు ఇచ్చినచో, మరుగుదొడ్డిని నిలువు గొట్టము నుండి 3 మీటర్లు జరుపుటకు 7.5 సెంటీమీటర్ల పతనము కావలెను. గొట్టము వ్యాసము 10 సెంటీమీటర్లకు పైగా ఉండును. రెండును కలిపి నేలలో దాదాపు 20 సెంటీమీటర్ల లోతు కావలెను. ఆ లోతును స్నానాలగది క్రింద మాత్రమే ఉంచుచున్నారు. తక్కిన ఇల్లంతయు సమతలము. కనుక వంటిల్లు, స్నానాలగది పుట్టిన చోటనే గిట్టవలెను. తక్కిన గదులు వాటి చుట్టును తిరుగవలెను. గొట్టములన్నిటిని మెట్ల ప్రక్కన ఒకే నిలువు బావిలోనికి చేర్చి, దానికి నడవ నుండి తలుపు పెట్టినచో, ఇంటి లోపల గోడలకు ఎంతో విడుదల లభించును. బాగుచేయువాడు ఎవరి పడకగదిలోనికిని పోనక్కరలేదు.

బరువు లెక్క

మార్పు అనునది గోడలతోనే ముగియదు. ప్రతి వాడుకకు ఒక బరువున్నది. ఐ.ఎస్. 875 అను భారతీయ ప్రమాణము, 1987 నాటి రెండవ భాగములో, ఏ గది ఎంత బరువునకు కట్టబడవలెనో తెల్పినది. నివాసపు గదికి చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అనగా సుమారు 200 కిలోగ్రాముల బరువు. తరగతి గదికి 3 కిలోన్యూటన్లు. చిల్లర దుకాణమునకు 4. స్థిరమైన ఆసనములు లేని సభాశాలకు 5.

ఇప్పుడు ఒక ఫ్లాటును శిక్షణ తరగతిగా మార్చినారనుకొన్నచో లెక్క ఎట్లుండును? 12.5 సెంటీమీటర్ల మందము గల కాంక్రీటు శ్లాబు స్వంత బరువు చదరపు మీటరుకు సుమారు 3.1 కిలోన్యూటన్లు. నేలపై పరచిన పలకలు మొదలగు వాటికి మరి 1 కిలోన్యూటను చేర్చవచ్చును. నివాసమైనచో మొత్తము 6.1, తరగతి గదియైనచో 7.1. అధిక భారము దాదాపు 16 శాతము. దుకాణమైనచో మొత్తము 8.1; అధిక భారము మూడవవంతు. కట్టునపుడే ఒకటి రెండు అంతస్తులకు ఈ 16 శాతమును లెక్కించియుంచుట పెద్ద భారము కాదు. కట్టిన తరువాత ఆ బలమును చేర్చుట మిక్కిలి కష్టము, మిక్కిలి ఖర్చు. దిల్‌సుఖ్‌నగర్ వంటి చోట ఇండ్లు పాఠశాలలగునని ముందుగా ఊహించుటకు జ్యోతిషము అక్కరలేదు.

నీటి లెక్కయు ఇట్టిదే. నగరవాసికి దినమునకు 135 లీటర్లు అను వాడుక ప్రమాణమును గైకొన్నచో ఐదుగురు గల కుటుంబమునకు 675 లీటర్లు కావలెను. అదే ఇల్లు వసతి గృహమై పదునైదుగురు చేరినచో 2,025 లీటర్లు. గోడలు కదలకున్నను సంపు, మోటారు, మురుగు గొట్టము మూడింతల పని చేయవలెను. ప్రక్క ఇంటివారికిని వసతి గృహమునకును వచ్చు తగవులకు శబ్దము ఒక కారణమైనచో, ఈ గుణకారము మరియొక కారణము.

స్తంభముల నీడ

బరువు లెక్క ఒక చక్కని విషయమును బయటపెట్టును. జనము గుమిగూడుటకు కావలసిన బలము భవనములో ఎచట ఉన్నది? క్రింద సెల్లారు త్రవ్వని చోట స్టిల్టు నేల సరాసరి భూమిపై ఆనియుండును. అచట రెండు వందలమంది భోజనమునకు కూర్చుండినను ఆ భారము స్తంభములపై పడదు, భూమియే మోయును. శాస్త్రము పెట్టిన లెక్కకును, నివాసులు తమంతట ఎన్నుకొన్న చోటునకును ఇచట చక్కగా పొత్తు కుదిరినది. పెండ్లి బంతి డాబాపై కంటె స్టిల్టులో వేయుట ఇంజనీరు దృష్టిలోను మేలు.

అయినను స్టిల్టు నిర్దోషి కాదు. పై అంతస్తులలో ఇటుక గోడలు స్తంభములకు అండగా నిలిచి కదలికను ఆపును. క్రింద గోడలు లేవు. బరువైన పెట్టెను నాలుగు సన్నని కాళ్లపై నిలిపి ప్రక్కకు త్రోసినచో పెట్టె చెక్కుచెదరదు, కాళ్లే వంగును. భూకంపములో జరుగునదియు అదే. 2001 జనవరి 26న భుజ్ ప్రాంతమున భూమి కంపించినప్పుడు, దూరముననున్న అహమ్మదాబాదులో గూడ స్తంభములపై నిలిచిన అపార్టుమెంటులు కూలినవి. 2002లో సవరింపబడిన ఐ.ఎస్. 1893 అను ప్రమాణము ఇట్టి అంతస్తును 'మెత్తని అంతస్తు'గా గుర్తించి, పై అంతస్తుతో పోల్చగా దాని బిగువు 70 శాతమునకు తగ్గినచో ప్రత్యేక జాగ్రత్త వలయునని విధించినది. ఆ ప్రమాణములో హైదరాబాదు తక్కువ ప్రమాదము గల రెండవ మండలములో చూపబడినది. తక్కువ అనగా శూన్యమని అర్థము కాదు.

ఇచటనే చాటుమాటు మార్పుల అపాయము తెలియును. రహదారి వైపు స్టిల్టులో ఒక వరుసకు గోడలు కట్టి దుకాణములు పెట్టుట వాడుకయైనది. భవనము రెండు దిక్కుల సమముగా బిగిసియుండవలసినది. ఇప్పుడు ఒక ప్రక్క మాత్రమే బిగిసినది. తలుపును త్రోసినచో మడతబందుల వైపు కదలదు, రెండవ అంచు విసురుగా తిరుగును. భూమి కంపించినప్పుడు ఈ భవనమును అట్లే తిరుగజూచును. దుకాణమునకు దూరముననున్న మూల స్తంభములపై ఎక్కువ బాధ పడును. దుకాణము పెట్టుట నేరమని కాదు. రెండు వైపుల సమతూకముగా కాంక్రీటు గోడలను ముందే నిలిపినచో, ఆ నడుమ దుకాణమైనను, చదువుల గదియైనను భయము లేకుండ పెట్టవచ్చును. మార్పునకు అనుమతి నిరాకరించిన ప్లాను భద్రతను కాపాడలేదు. అది మార్పును ఇంజనీరు కంటికి దూరము చేసినది, అంతే.

వరదయు ఈ అంతస్తును పరీక్షించినది. 2020 అక్టోబరు 13న బేగంపేటలో ఒక దినమునకు 19 సెంటీమీటర్లకు పైగా వాన కురిసినది. సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీలు నీట మునిగినవి. ఇంటిని నేల నుండి పైకెత్తుట వలన స్టిల్టు కాపాడును. కాని విద్యుత్ మీటర్లు, లిఫ్టు గుంట, త్రాగునీటి సంపు మూత, వాచ్‌మన్ కుటుంబము నివసించు గది ఆ అంతస్తుననే ఉండును. పైవారికి మేలు చేసిన ఎత్తు క్రింది కుటుంబమునకు లేదు. ఒక భవనము ఎంత మంచిదో తేల్చునపుడు ఈ గది నేల ఎంత ఎత్తున ఉన్నదో చూడుట న్యాయము.

అరుగు ఎచటికి పోయినది?

పాత తెలుగు ఇంటిలో వీధికిని పడకగదికిని నడుమ అరుగు, పంచ, మండువా ఉండెడివి. బాటసారి అరుగుపై కూర్చుండును. పరిచితుడు పంచలోనికి వచ్చును. బంధువు మండువాలోనికి వచ్చును. ఎవరు ఎంతవరకు రావచ్చునో తలుపులు మూయకనే తెలిసెడిది. అది అందరి చోటు నుండి స్వంత చోటునకు మెట్టుమెట్టుగా సాగు ప్రయాణము. ఆ అమరిక అందరికిని సమానముగా ఉండలేదనుట నిజమే. ఎవరు అరుగు దాటరాదో కులము నిర్ణయించెడిది. అపార్టుమెంటు లిఫ్టులో అందరు ఒకే పెట్టెలో ఎక్కుదురు. ఇది లాభము. కాని మెట్లన్నిటిని తీసివేసి ఒకే తలుపు పెట్టుట నష్టము.

ఈ పేటలోని సగటు భవనములో లిఫ్టు దిగగానే ఇరుకైన చీకటి నడవ. నడవలో వరుసగా తలుపులు. తలుపు తీసినచో ఇల్లంతయు కనబడును. అందుచేత తలుపు ఎప్పుడును మూసియుండును. తలుపు మూసినందున నడవకు గాలి వెలుతురు చేరవు. నివాసులు ఊరకుండలేదు. గడప ముందు ముగ్గు వేయుదురు. తులసి కుండీ పెట్టుదురు. చెప్పుల బీరువా, పిల్లల సైకిలు చేర్చుదురు. పోయిన అరుగును తిరిగి తెచ్చుకొను ప్రయత్నమే అది. కాని అగ్ని ప్రమాదములో ప్రాణము దక్కించుకొనుటకు అదే దారి. అరుగు కావలెను, దారియు కావలెను. ప్రతి తలుపు ముందు గోడను ఒకటిన్నర మీటరు వెనుకకు జరిపినచో రెండును దక్కును. నడవ చివర కిటికీ పెట్టినచో వెలుతురును దక్కును. ఆ కొద్ది చోటు లోపలి హాలు నుండి పోవును. కొనువాడు దానిని నష్టముగా భావించునా, లాభముగా భావించునా అనునదే అసలు ప్రశ్న.

ఇతరులు ఏమి చేసిరి?

ఈ ప్రశ్నలు హైదరాబాదుకు మాత్రమే పుట్టినవి కావు. హాలెండులో జాన్ హాబ్రాకెన్ 1961లో ప్రచురించిన గ్రంథములో గృహనిర్మాణమును రెండుగా విడదీసెను. సమాజము కలిసి కట్టవలసిన దీర్ఘకాలిక ఆధారము ఒకటి. కుటుంబము తన ఇష్టానుసారము నింపుకొను లోపలి అమరిక రెండవది. జపానులోని ఒసాకాలో 1993లో 'నెక్స్ట్ 21' అను భవనమును ఈ భావముతో కట్టిరి. దానిలో 18 ఇండ్లు. గొట్టములు నేల పలకల క్రింద, పైకప్పు తెరల వెనుక పోవును. కనుక వంటిల్లు సైతము జరుగగలదు.

భారతదేశములోను మేలైన ఉదాహరణలు కలవు. సికింద్రాబాదులో 1930లో జన్మించిన చార్లెస్ కొరియా, నవీ ముంబయిలోని బేలాపూరులో 1980ల నడుమ కట్టిన కాలనీలో ఏడు ఇండ్లను 8 మీటర్ల చదరపు ముంగిలి చుట్టును కూర్చెను. అట్టి మూడు గుంపులను 12 మీటర్ల ముంగిలి చుట్టును చేర్చెను. ఇండ్లు ఒకదాని గోడను మరియొకటి పంచుకొనలేదు. కావున ప్రతి కుటుంబము పొరుగువానిని అడుగకయే ఇంటిని పెంచుకొనగలిగినది. బాలకృష్ణ దోషీ 1973లో అహమ్మదాబాదులో జీవిత బీమా సంస్థ కొరకు కట్టిన మూడంతస్తుల ఇండ్లలో పెద్ద ఇల్లు క్రింద, చిన్న ఇల్లు పైన ఉంచి, ప్రతి ఇంటికి ఒక డాబా కల్పించెను. కుటుంబము పెరిగిన కొలది ఆ డాబాపై గదులు వెలసినవి.

వీటిని యథాతథముగా ఎల్.బి.నగర్‌కు తెచ్చుట కుదరదు. బేలాపూరు ఇండ్లు నేలకు దగ్గరవి. ఇచట నేల విలువ ఐదంతస్తులను కోరును. ఒసాకా భవనము ఒక గ్యాసు సంస్థ ప్రయోగముగా కట్టినది. దాని ఖర్చు సామాన్యునికి అందదు. ఎక్కువగా పోలినది సింగపూరు. అచటి ప్రభుత్వ గృహ సంస్థ 1970ల నుండి అపార్టుమెంటుల క్రింది అంతస్తును ఖాళీగా వదలి, ఆ చోటును నివాసులకు అప్పగించినది. పెండ్లిండ్లు, అంత్యక్రియలు, ముసలివారి చదరంగము అచటనే జరుగును. దానికి పేరున్నది, దీపములున్నవి, బల్లలున్నవి, వాడుటకు పద్ధతి యున్నది. పిల్లలు బంతి ఆడరాదని బోర్డులును ఉన్నవి. కనుక అదియు విమర్శకు అతీతము కాదు. ఐనను ఆ చోటు లెక్కలో ఉన్నది. దిల్‌సుఖ్‌నగర్ స్టిల్టు అదే పని చేయుచును లెక్కలో లేదు.

చట్టము, ధర

ప్రతివాదము కూడ వినవలెను. మారగల భవనమునకు ఖర్చు ఎక్కువ. మధ్యతరగతి కుటుంబము అప్పు చేసి కొనునది రెండు పడకగదులను గాని, తాత్త్విక చర్చను గాదు. ఉమ్మడి చోటు పెరిగినచో నిర్వహణ తగవులు పెరుగును అని నిర్మాతలు అందురు. ఈ మాటలలో నిజమున్నది. కాని ఉమ్మడి చోటు ఉచితముగా వచ్చునది కాదనునదియు నిజమే. నడవ, మెట్లు మొదలగు వాటి వైశాల్యమును చేర్చి 'సూపర్ బిల్టప్' అను లెక్కన ఫ్లాటు ధర కట్టుట చిరకాలపు వాడుక. ఇంటిలోపలి వైశాల్యమునే లెక్కచూపవలెనని 2016 నాటి స్థిరాస్తి చట్టము చెప్పినది. ఏ పేరున చూపినను కొనువాడు నడవకు, స్టిల్టుకు ధర చెల్లించుచున్నాడు. ధర చెల్లించిన చోటు మంచిదిగా ఉండవలెనని కోరుట తాత్త్విక చర్చ కాదు.

ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంటుల చట్టము 1987లోనే వచ్చినది. ప్రతి ఫ్లాటు యజమానికి ఉమ్మడి స్థలములలో విభజింపరాని వాటా కలదని అది గుర్తించినది. స్టిల్టులోని పార్కింగు చోటును నిర్మాత ఫ్లాటువలె విడిగా అమ్మరాదని, మహారాష్ట్ర చట్టమునకు సంబంధించిన ఒక వ్యాజ్యములో, సుప్రీంకోర్టు 2010 ఆగస్టులో తీర్పు చెప్పినది. చట్టము ఈ చోటును అందరిదని చెప్పుచున్నది. దానిని అందరికి పనికివచ్చునట్లు గీయవలసిన బాధ్యత ప్లాను గీయువానిది.

2006లో హైదరాబాదు భవన నిబంధనలు ఒక పెద్ద మార్పు తెచ్చినవి. స్థలమునకు ఇన్ని రెట్లు మాత్రమే కట్టవలెనను పరిమితి తొలగినది; వీధి వెడల్పు, చుట్టును వదలవలసిన ఖాళీ, ఎత్తు అనునవే హద్దులైనవి. హద్దు ఒక పెట్టె ఆకారమును నిర్ణయించినది. నిర్మాతలు ఆ పెట్టెను అంచుల వరకు నింపిరి. నిబంధన వదలుమన్నది గాన చుట్టును ఒక సన్నని పేలిక మిగిలినది. నాలుగు భవనముల పేలికలను కలిపినచో ఒక చిన్న తోట కాగలదు. విడివిడిగా అవి పాత సామానుల దారులు. నిబంధన దూరమును కొలిచినది. ఆ దూరములో మనిషి ఏమి చేయునో కొలువలేదు.

చూడవలసిన ఐదు విషయములు

క్రొత్త భవనపు ప్లాను చేతికి వచ్చినప్పుడు గదుల లెక్కకు ముందు ఐదు ప్రశ్నలు వేయదగును. స్తంభముల వరుసలు పై గదులకును క్రింది కార్లకును పొసగునా? గొట్టములు ఒకచోట చేరినవా? స్టిల్టులో రెండు దిక్కుల సమముగా బలమైన గోడలున్నవా? కనీసము ఒక అంతస్తు తరగతి గది బరువును మోయగలదా? గేటు నుండి ఇంటి తలుపు వరకు కూర్చుండదగిన చోటు ఒక్కటైన ఉన్నదా? ఇవి గొప్ప శిల్పి మాత్రమే వేయు ప్రశ్నలు కావు. పదవ తరగతి విద్యార్థి సైతము వేయగలడు.

పాత భవనములో ఉండువారికి ఒక హెచ్చరిక అవసరము. అడ్డుగోడ బరువు మోయదని ఎవరికి వారు సుత్తి ఎత్తరాదు. ఇటుక గోడలును భవనపు బిగువుకు కొంత తోడ్పడును; పైగా ఏది దూలము క్రింద నున్నదో, దేనిలో గొట్టము పోయినదో కంటికి కనబడదు. అర్హుడైన ఇంజనీరు చూచిన తరువాతనే గోడ కదలవలెను.

ఉపాధ్యాయులు దీనిని ఒక పాఠముగా మలచవచ్చును. విద్యార్థులు తమ భవనపు స్టిల్టు పటమును గీసి, స్తంభములను చుక్కలుగా గుర్తించి, వాటి నడుమ దూరములను టేపుతో కొలువవలెను. అదే పటమును నాలుగు ప్రతులు తీసి, ఉదయము ఏడు గంటలకు, పదకొండు గంటలకు, సాయంకాలము ఐదు గంటలకు, రాత్రి తొమ్మిది గంటలకు అచట ఏమున్నదో, ఎవరున్నారో వ్రాయవలెను. నాలుగు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టినచో స్తంభముల చుక్కలు నాలుగింటను ఒకే చోట ఉండును, తక్కినదంతయు మారియుండును. ప్లాను గీసినవాని బల్లపై ఉండవలసినవి ఆ నాలుగు కాగితములు.